స్టేజి చెప్పిన చోట ఆగదు: ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును రాత్రంతా నడిపించే సాఫ్ట్‌వేర్

అందరికీ నమస్కారం. ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును తనంతట తాను నడిపే సాఫ్ట్‌వేర్ సీరియల్‌ఈఎం గురించి నేను చెప్పబోయేదంతా ఆ లెక్క మీదే నిలబడుతుంది.

క్రయో నమూనా, అంటే గడ్డకట్టించిన నమూనా పెట్టే గ్రిడ్ (జల్లెడ లాంటి చిన్న లోహపు బిళ్ల) వ్యాసం 3.05 మిల్లీమీటర్లు. 300 మెష్ (అంగుళానికి 300 గడులు) గ్రిడ్ అయితే ఒక గడి నుంచి పక్క గడికి దాదాపు 85 మైక్రాన్లు. లోహపు కడ్డీలు పోను మిగిలే ఖాళీ 60 మైక్రాన్లు అనుకోండి. ఆ ఖాళీ మీద కార్బన్ పొర పరిచి ఉంటుంది, పొర నిండా వరసగా రంధ్రాలు. క్వాంటిఫాయిల్ ఆర్ 1.2/1.3 అని డబ్బా మీద రాసి ఉంటే రంధ్రం 1.2 మైక్రాన్లు, రెండు రంధ్రాల మధ్య కార్బన్ 1.3 మైక్రాన్లు. అంటే ప్రతి 2.5 మైక్రాన్లకూ ఒక రంధ్రం, ఒక్క గడిలో 500 పైచిలుకు. మీ ప్రోటీన్ ఆ రంధ్రంలోని పల్చటి మంచులో ఉంటుంది.

ఇప్పుడు కెమెరా. కే3 కెమెరాలో 5760 × 4092 పిక్సెళ్లు. నమూనా మీద ఒక్కో పిక్సెల్ 0.83 ఆంగ్‌స్ట్రామ్ (నానోమీటరులో పదో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) అయ్యేలా మాగ్నిఫికేషన్ పెట్టుకుంటే, ఒక ఇమేజీలో పట్టేది 0.48 × 0.34 మైక్రాన్ల చోటు.

ఇక స్టేజి. గ్రిడ్‌ను మోసుకుని అటూ ఇటూ తిరిగే మోటార్ల వ్యవస్థ అది. దూరం ప్రయాణించి ఆగినప్పుడు అడిగిన చోటుకీ ఆగిన చోటుకీ మధ్య ఒకటి రెండు మైక్రాన్ల తేడా మామూలు. పాత మైక్రోస్కోపుల్లో, పక్క నుంచి దూర్చే హోల్డర్లలో అంతకన్నా ఎక్కువే.

అర మైక్రాన్ చోటును గురి పెట్టాలి, తీసుకెళ్లే బండి రెండు మైక్రాన్లు తప్పుతుంది. పోనీ చూసుకుంటూ సర్దుకుందామా అంటే కుదరదు. చూడటమంటే ఎలక్ట్రాన్లు పంపడం, పంపిన ప్రతి ఎలక్ట్రానూ ప్రోటీన్‌ను కొంత పాడు చేస్తుంది. ఒక చోటుకు మొత్తం బడ్జెట్ చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 40 నుంచి 60 ఎలక్ట్రాన్లు. అదంతా అసలు ఇమేజీకే దక్కాలి, వెతుకులాటకు ఖర్చయిపోకూడదు.

ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ అంటే బటన్లు మన బదులు నొక్కే ప్రోగ్రామ్ అని చాలామంది అనుకుంటారు. బటన్లు నొక్కడం అందులో సులువైన భాగం. తప్పే స్టేజితో, కదిలిపోయే నమూనాతో, చూడకూడని చోటును చూడకుండానే గురి పెట్టడం దాని అసలు పని. మెనూలో కనిపించే ప్రతి కమాండూ ఏదో ఒక తప్పును దిద్దడానికి పుట్టిందే. ఏది దేన్ని దిద్దుతుందో తెలిస్తే, అది విఫలమైనప్పుడు ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

చరిత్ర రెండు మాటల్లో ముగిస్తాను. సీరియల్‌ఈఎం రాసింది అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం, బౌల్డర్‌కు చెందిన డేవిడ్ మాస్ట్రొనార్డ్. టోమోగ్రామ్‌లను, అంటే నమూనాను కొంచెం కొంచెం వంచుతూ తీసిన ఇమేజీలతో త్రీడీ బొమ్మలను కట్టే ఐమోడ్ కూడా ఆయనదే. సీరియల్‌ఈఎంను వివరించే ప్రధాన పత్రం 2005లో వచ్చింది. మొదట ఇది కణాల టోమోగ్రఫీ కోసం పుట్టింది, సింగిల్ పార్టికల్ పనికి, అంటే విడి ప్రోటీన్ల బొమ్మలను పెద్ద సంఖ్యలో కలిపి ఆకారం కట్టే పనికి తర్వాత అలవాటు పడింది. ఇంకో పాయ లెగినాన్, పాటర్, క్యారగర్ల బృందానిది. రోజుకు 1000 ఇమేజీలు అన్న లక్ష్యాన్ని వాళ్లు 1999లోనే ప్రకటించారు, అప్పటికి అది గొప్ప సాహసం. కంపెనీల సాఫ్ట్‌వేర్లలో థర్మో ఫిషర్ వాళ్ల ఈపీయూ ఎక్కువ వాడుకలో ఉంది. అనుభవం లేనివారికి ఈపీయూ సులువు, కాదనను. కానీ లోపల ఏం జరుగుతోందో చూసి, మధ్యలో చెయ్యి పెట్టి మార్చుకునే వీలు సీరియల్‌ఈఎంలోనే ఎక్కువ. పైగా ఉచితం, వేర్వేరు కంపెనీల మైక్రోస్కోపులతో, కెమెరాలతో పనిచేస్తుంది.

సరే, పనిలోకి వెళ్దాం.

మొదటి మెట్టు మ్యాపులు. అతి తక్కువ మాగ్నిఫికేషన్‌లో గ్రిడ్ మొత్తాన్ని ముక్కలు ముక్కలుగా తీసి అతికిస్తారు. దీన్ని మాంటాజ్ అంటారు. ఏ గడిలో పొర చిరిగింది, ఎక్కడ మంచు మందంగా పేరుకుంది, ఎక్కడ పల్చగా ఉంది అన్నవన్నీ ఇక్కడే తేలిపోతాయి. బాగా నల్లగా ఉన్న గడులు మందం మంచు, మరీ తెల్లగా వెలిగేవి చిరిగినవో ఎండినవో. మధ్యరకం గడులు కొన్ని ఎంచుకుని, వాటికి మధ్యస్థాయి మాగ్నిఫికేషన్‌లో రెండో మ్యాపు తీస్తారు. రంధ్రాలు ఒక్కొక్కటిగా కనిపించేది అందులో. ఈ మ్యాపులన్నీ నావిగేటర్ విండోలో చేరతాయి. మ్యాపు మీద ఎక్కడ క్లిక్ చేసినా దానికి స్టేజి కోఆర్డినేట్లు వస్తాయి.

ఇక్కడ మొదటి గొయ్యి. తక్కువ మాగ్నిఫికేషన్ మ్యాపు మీద మీరు పెట్టిన గుర్తు, ఎక్కువ మాగ్నిఫికేషన్‌కు వెళ్లేసరికి అదే చోట ఉండదు. లెన్సుల అమరిక మారితే బొమ్మ మధ్యభాగం పక్కకు జరుగుతుంది, కొంత తిరుగుతుంది కూడా. అందుకే సులువుగా గుర్తుపట్టగల ఒక మచ్చనో మంచు ముక్కనో రెండు మాగ్నిఫికేషన్లలోనూ గుర్తించి, షిఫ్ట్ టు మార్కర్ కమాండుతో ఆ మ్యాపు మీది గుర్తులన్నిటినీ ఒకేసారి జరుపుతాం. గ్రిడ్ మార్చినప్పుడల్లా ఇది చూసుకోవాలి. గ్రిడ్‌ను బయటకు తీసి మళ్లీ పెడితే అది కాస్త తిరిగి కూర్చుంటుంది కాబట్టి అప్పుడు భ్రమణాన్ని కూడా సరిచేయాలి, దానికి వేరే కమాండు ఉంది.

రెండో మెట్టు రీఎలైన్ టు ఐటెమ్. సీరియల్‌ఈఎం మొత్తంలో ఒక్క కమాండునే క్షుణ్ణంగా నేర్చుకోగలిగితే ఇదే నేర్చుకోండి. స్టేజిని ఒక గుర్తు దగ్గరికి పంపుతుంది, అక్కడ మ్యాపు తీసిన స్థాయిలోనే ఒక ఇమేజీ తీస్తుంది, దాన్ని దాచిపెట్టిన మ్యాపుతో క్రాస్ కోరిలేషన్ చేసి, అంటే రెండు బొమ్మలూ ఎక్కడ బాగా సరిపోతాయో లెక్కకట్టి, ఎంత తప్పిందో కొలుస్తుంది, తేడాను దిద్దుతుంది. దిద్దేది ఇమేజ్ షిఫ్టుతో. స్టేజిని కదపకుండా, కాయిళ్లతో ఎలక్ట్రాన్లను వంచి బొమ్మను జరపడమే ఇమేజ్ షిఫ్ట్. దీనికి మోటార్లు, గేర్లు లేవు, నానోమీటర్ల ఖచ్చితత్వం ఉంటుంది. స్టేజి ముతక పని చేస్తే ఇమేజ్ షిఫ్ట్ మిగిలిన సన్న పని చేస్తుంది. అయితే తప్పు బాగా ఎక్కువగా ఉంటే ఇమేజ్ షిఫ్టుతో లాగకుండా స్టేజినే మళ్లీ జరిపించమని చెప్పుకోవాలి, ఎందుకో కోమా అనే లెన్సు దోషం దగ్గర చెబుతాను.

ఇప్పుడు ఈ రీఎలైన్ ఎక్కడ మోసం చేస్తుందో చూడండి. రంధ్రాల వరసలన్నీ ఒకేలా ఉంటాయి. స్టేజి తప్పు 1.25 మైక్రాన్లు దాటిందనుకోండి, అంటే 2.5లో సగం కన్నా ఎక్కువ. ఇమేజీలో నాలుగైదు రంధ్రాలు మాత్రమే కనిపిస్తుంటే కోరిలేషన్‌కు అన్నిటికన్నా దగ్గరగా కనిపించేది పక్క రంధ్రం. అది నిక్షేపంగా పక్క రంధ్రానికి అతుక్కుని, బాగా సరిపోయిందని రిపోర్టు ఇస్తుంది. కొత్త వెంచర్లో రాళ్లన్నీ ఒకేలా ఉంటే పక్కవాడి ప్లాటులో పునాది తవ్వినట్టు. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, ఇమేజీ కూడా రంధ్రం మధ్యలోనే వస్తుంది. మీరు ఎంచింది ఆ రంధ్రం కాదు, అంతే. సింగిల్ పార్టికల్ పనిలో దీనివల్ల పెద్ద నష్టం లేకపోవచ్చు, ఒక ఎక్స్‌పోజర్ మళ్లీ అదే రంధ్రం మీద పడి రెట్టింపు డోసు తగిలే ప్రమాదం తప్ప. కణంలో ఒకానొక మైటోకాండ్రియాను గురి పెట్టిన టోమోగ్రఫీలో మాత్రం ఆ టిల్ట్ సిరీస్, అంటే వంచుతూ తీసిన ఇమేజీల వరస మొత్తం పోయినట్టే.

మందు ఏమిటి? కోరిలేషన్‌కు విశాలమైన బొమ్మ ఇవ్వాలి. అందులో వరసను చెడగొట్టే గుర్తులు, అంటే చిరుగు, మంచు ముద్ద, గడి అంచు లాంటివి ఉంటే ఇంకా మంచిది. అందుకే మొదట గడి స్థాయి మ్యాపుకు, తర్వాత దగ్గరి స్థాయికి, ఇలా రెండంచెల్లో రీఎలైన్ చేస్తాం. ఇంకోటి, స్టేజి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వచ్చి ఆగేలా బ్యాక్‌లాష్ దిద్దుబాటు పెట్టుకోవాలి. గేర్ల మధ్య సందు వల్ల కుడి నుంచి వచ్చి ఆగిన చోటూ ఎడమ నుంచి వచ్చి ఆగిన చోటూ ఒకటి కావు. మ్యాపు తీసినప్పుడు ఏ దిక్కు నుంచి వచ్చిందో ఇప్పుడూ అదే దిక్కు నుంచి వస్తే తప్పు బాగా తగ్గిపోతుంది.

తక్కువ డోసు పద్ధతికి వద్దాం. లో డోస్ మోడ్‌లో సీరియల్‌ఈఎం ఐదు స్థితులను వేర్వేరుగా గుర్తుపెట్టుకుంటుంది: సెర్చ్, వ్యూ, ఫోకస్, ట్రయల్, రికార్డ్. అసలు ఇమేజీ తీసేది రికార్డ్‌లో. ఒక్కోదానికి సొంత మాగ్నిఫికేషన్, ఎలక్ట్రాన్ బీమ్ తీవ్రత, ఎక్స్‌పోజర్. వ్యూలో పిక్సెల్ 2 నానోమీటర్లు పెట్టుకుంటే సుమారు 11 × 8 మైక్రాన్లు కనిపిస్తుంది, డోసు చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు 0.1 ఎలక్ట్రాన్ లోపలే ఉంచొచ్చు. అంత తక్కువ ఎలక్ట్రాన్లతో రంధ్రం అంచు కనబడాలంటే వ్యూలో డీఫోకస్, అంటే కావాలనే ఫోకస్ తప్పించడం, బాగా ఎక్కువ పెట్టాలి, పదుల మైక్రాన్లు. అలా పెడితే బొమ్మ కొంచెం పక్కకు జరుగుతుంది, పరిమాణమూ కొద్దిగా మారుతుంది. కాబట్టి డీఫోకస్ ఆఫ్‌సెట్ మార్చిన ప్రతిసారీ వ్యూకీ రికార్డుకీ మధ్య షిఫ్ట్ మళ్లీ సెట్ చేయాలి. దీన్ని మర్చిపోయి, రాత్రంతా రంధ్రం అంచున సగం కార్బన్, సగం మంచు ఇమేజీలు నింపుకునేవాళ్లు చాలామంది.

ఫోకస్, ట్రయల్ స్థితులు రికార్డు చోటు మీద పడకూడదు. వాటిని పక్కనున్న కార్బన్ మీదికి జరుపుతాం. టోమోగ్రఫీ అయితే ఆ జరపడం టిల్ట్ అక్షం (నమూనా ఏ గీత చుట్టూ వంగుతుందో ఆ గీత) వెంటే జరగాలి. అడ్డంగా జరిపితే, నమూనా వంగినప్పుడు ఫోకస్ చోటు ఎత్తు వేరు, రికార్డు చోటు ఎత్తు వేరు అయిపోతుంది.

ఎత్తు అన్నాం కాబట్టి యూసెంట్రిసిటీ. నమూనా ఎత్తు టిల్ట్ అక్షం ఉన్న ఎత్తుకు సరిపోవాలి. సరిపోకపోతే వంచినప్పుడు బొమ్మ పక్కకు పరుగెడుతుంది. ఎంతో లెక్క వేద్దాం: ఎత్తు 1 మైక్రాన్ తేడా ఉంటే 60 డిగ్రీల దగ్గర పక్కకు 0.87 మైక్రాన్లు. పిక్సెల్ 2 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టిన టోమోగ్రఫీలో ఇమేజీ పొడుగే 1.15 మైక్రాన్లు. అంటే మీ టార్గెట్ ఫ్రేమ్‌లోంచి దాదాపు బయటకు పోయింది. గ్రిడ్ బల్లపరుపుగా ఉండదు, వంపులు తిరిగి ఉంటుంది. ఒక గడిలో సరిచేసిన ఎత్తు పది గడుల అవతల పనికిరాదు. ప్రతి గడికీ ఒకసారి ముతక, సన్న యూసెంట్రిసిటీ రెండూ చేయించండి, ఆ ఎత్తును నావిగేటర్‌లో ఆ గడి గుర్తులన్నిటికీ ఎక్కించండి.

ఆటోఫోకస్ గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను, రాత్రిపూట పాడయ్యేవాటిలో సగం ఇక్కడే పాడవుతాయి.

పద్ధతి ఇది. బీమ్‌ను ఒక వైపు కొద్దిగా వంచి ఒక ఇమేజీ, అటువైపు అంతే వంచి ఇంకో ఇమేజీ. ఫోకస్ సరిగ్గా ఉంటే రెండు బొమ్మలూ ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. లేకపోతే డీఫోకస్‌కు తగ్గట్టు జరుగుతాయి. వంపు అటు 10, ఇటు 10 మిల్లీరేడియన్లు అయితే 1 మైక్రాన్ డీఫోకస్‌కు జరుగుబాటు 20 నానోమీటర్లు. సాఫ్ట్‌వేర్ ఆ జరుగుబాటును కొలిచి, డీఫోకస్ లెక్కకట్టి, లెన్సును సరిచేస్తుంది.

ఇప్పుడు రెండు ఇమేజీల మధ్య 2 సెకన్లు పట్టిందనుకోండి, ఈలోగా నమూనా సెకనుకు 1 నానోమీటర్ చొప్పున జారుతోంది. 2 నానోమీటర్లు అదనంగా కలుస్తాయి, ఫోకస్ 0.1 మైక్రాన్ తప్పుతుంది. స్టేజి ఇప్పుడే ఆగి ఉంటే జారుడు ఇంకా ఎక్కువ. అందుకే మూడు ఇమేజీల పద్ధతి ఉంది: మూడోదాన్ని మొదటి వంపులోనే తీస్తుంది, ఒకటికీ మూడుకీ మధ్య తేడాను జారుడుగా తీసేస్తుంది. ఒక ఇమేజీ అదనపు ఖర్చు, నిశ్చింతగా పెట్టుకోండి.

దీనికన్నా టక్కరి తప్పు ఒకటుంది. ఫోకస్ ఇమేజీలో డోసు మరీ తక్కువైతేనో, కెమెరా గెయిన్ రెఫరెన్సు (పిక్సెళ్ల మధ్య తేడాలను దిద్దే ఇమేజీ) పాతబడితేనో, రెండు ఇమేజీల్లోనూ కెమెరా సొంత మచ్చలు ఒకే చోట ఉంటాయి. కోరిలేషన్ నమూనాను వదిలేసి ఆ మచ్చలను పట్టుకుంటుంది. మచ్చలు కదలవు కాబట్టి జరుగుబాటు సున్నా. జరుగుబాటు సున్నా అంటే ఫోకస్ అద్భుతంగా ఉందని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది, నమ్మి మీరు అడిగిన మైనస్ 1.5 మైక్రాన్ల కోసం అక్కడి నుంచి కదుపుతుంది. మళ్లీ కొలిస్తే మళ్లీ సున్నాయే, మళ్లీ కదుపుతుంది. పొద్దున చూస్తే డీఫోకస్ ఎక్కడికో పోయి ఉంటుంది. లాగ్‌లో వరసగా సున్నాకు అతి దగ్గరి కొలతలు కనిపిస్తే వెంటనే అనుమానించండి. గెయిన్ రెఫరెన్సు కొత్తగా తీయండి, ఫోకస్ ఎక్స్‌పోజర్ పెంచండి. దాంతోపాటు డీఫోకస్ ఇన్ని మైక్రాన్లు దాటి మారితే ఒప్పుకోవద్దు అనే పరిమితి కూడా పెట్టండి. అలాగే ఫోకస్ చోటు ఖాళీ రంధ్రం మీద పడితే పోల్చడానికి బొమ్మే ఉండదు. కార్బన్ ఉండాలి.

ఇక వేగం. స్టేజి జరగడం, రీఎలైన్, జారుడు తగ్గేదాకా ఆగడం, ఫోకస్, అన్నీ కలిపి ఒక మినిట్ అనుకుందాం. అసలు ఎక్స్‌పోజర్, సేవ్ చేయడం 6 సెకన్లు. ఒక్కో రంధ్రానికీ ఇదంతా చేస్తే గంటకు 54 ఇమేజీలు. స్టేజిని ఒకసారి జరిపి, చుట్టూ ఉన్న 3 × 3 రంధ్రాలను ఇమేజ్ షిఫ్టుతోనే చుట్టివస్తే 9 ఇమేజీలకు 114 సెకన్లు, గంటకు 284. 5 × 5 చేస్తే 428. 7 × 7 చేస్తే 498. ఇక్కడ ఆగి చూడండి: ఒకటి నుంచి తొమ్మిదికి వెళ్తే అయిదు రెట్లు దక్కింది, ఇరవై అయిదు నుంచి నలభై తొమ్మిదికి వెళ్తే దక్కింది ఆరో వంతు. ఇమేజ్ షిఫ్ట్ దూరం మాత్రం పెరుగుతూ పోయింది. 3 × 3లో మూల రంధ్రం 3.5 మైక్రాన్ల దూరం, 5 × 5లో 7 మైక్రాన్లు. అందువల్ల కొత్త నమూనాకు 3 × 3 చాలు అంటాను. 7 × 7 పెట్టుకుని గొప్పలు చెప్పుకోవడంలో అర్థం లేదు.

దూరం పెరిగితే ఏమవుతుంది? బీమ్ లెన్సు అక్షం నుంచి తప్పి వాలుగా పడుతుంది, కోమా వస్తుంది. కోమా వల్ల వచ్చే ఫేజ్ (తరంగ దశ) తప్పు వాలుకు అనుపాతంగా, రిజల్యూషన్‌కు ఘనంగా పెరుగుతుంది. 6 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర కనబడనంత చిన్నగా ఉన్నది 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఎనిమిది రెట్లవుతుంది. 300 కిలోవోల్టులు, 2.7 మిల్లీమీటర్ల స్ఫెరికల్ ఎబరేషన్ (లెన్సు గోళాకార దోషం) ఉన్న మైక్రోస్కోపులో బీమ్ 1 మిల్లీరేడియన్ వాలితే 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర తప్పు సుమారు 140 డిగ్రీలు. అంటే ఆ సమాచారం దాదాపు తలకిందులైనట్టే. దీనికి సీరియల్‌ఈఎంలో కోమా వర్సెస్ ఇమేజ్ షిఫ్ట్ అనే క్యాలిబ్రేషన్ ఉంది. ఇంత షిఫ్టుకు ఇంత వాలు ఎదురు వెయ్యాలి అని ఒకసారి నేర్పితే ప్రతి షాటుకూ తనే దిద్దుతుంది, ఆస్టిగ్మాటిజమ్‌ను కూడా. క్యాలిబ్రేషన్ చేసే ముందు కోమా లేని ఎలైన్‌మెంట్ చేసి ఉండాలి, లేకపోతే తప్పును పునాదిగా పెట్టుకుని దిద్దుతుంది. మిగిలిన కాస్త తప్పును ఇమేజీలను ప్రాసెస్ చేసే రెలియాన్‌లోనో క్రయోస్పార్క్‌లోనో తర్వాత దిద్దుకోవచ్చు. అందుకోసం ఏ ఇమేజీ ఏ షిఫ్టులో తీశారో తెలియాలి. ఆ వివరం ఇమేజీతోపాటు వచ్చే ఎమ్‌డాక్ ఫైల్లో ఉంటుంది. స్థలం చాలదని ఎమ్‌డాక్‌లు చెరిపేసేవాళ్లను చూస్తే దుఃఖం వస్తుంది, అవి కొద్ది కిలోబైట్లే ఉంటాయి.

రంధ్రాలను గుర్తించే పని హోల్ ఫైండర్‌ది. రంధ్రం పరిమాణం, దూరం చెబితే మ్యాపు మీద వరసలు పడతాయి. సగటు వెలుతురును బట్టి మరీ తెల్లటివి, అంటే మంచు లేని ఖాళీ రంధ్రాలు, మరీ నల్లటివి, అంటే మందం మంచు, తీసేయొచ్చు. ఆ తర్వాత హోల్ కంబైనర్ వాటిని 3 × 3 గుంపులుగా కడుతుంది. ఆ వెలుతురు హద్దులను ఒక గడిలో సరిచూసి అన్ని గడులకూ వాడకండి, మంచు మందం గడి గడికీ మారుతుంది. ఈ ఎంపికను నేర్చుకున్న మోడళ్లతో చేసే స్మార్ట్‌స్కోప్ లాంటివి వచ్చాయి. అది కూడా లోపల సీరియల్‌ఈఎంనే నడుపుతుంది.

ఎక్స్‌పోజర్ లెక్క కూడా ఒకసారి చేతితో వేసుకోండి. 0.83 ఆంగ్‌స్ట్రామ్ పిక్సెల్ వైశాల్యం 0.69 చదరపు ఆంగ్‌స్ట్రామ్. పిక్సెల్‌కు సెకనుకు 16 ఎలక్ట్రాన్లు పడుతుంటే చదరపు ఆంగ్‌స్ట్రామ్‌కు సెకనుకు 23. మొత్తం 50 కావాలంటే 2.15 సెకన్లు. పిక్సెల్‌కు రేటు ఇంకా పెంచితే రెండు ఎలక్ట్రాన్లు ఒకేసారి ఒకే చోట పడి కెమెరా ఒకటిగానే లెక్కేస్తుంది, సిగ్నల్ పోతుంది. ఈ రేటును మంచు మీద కాకుండా ఖాళీ చోట కొలవండి.

టోమోగ్రఫీని ముట్టుకోకుండా వెళ్లలేను, సీరియల్‌ఈఎం పుట్టిందే దానికోసం. మైనస్ 60 నుంచి ప్లస్ 60 దాకా 3 డిగ్రీలకొకటి, 41 ఇమేజీలు. ఒక్కోదానికి 3 ఎలక్ట్రాన్లు ఇస్తే మొత్తం 123. వంచిన ప్రతిసారీ నమూనా మూడు దిక్కుల్లోనూ కదులుతుంది. ప్రతి కోణం దగ్గరా ట్రాకింగ్, ఫోకస్ ఇమేజీలు తీస్తే సమయమూ డోసూ రెండూ వృథా. 2005 పత్రంలోని ముఖ్య ఆలోచన ఇదే: స్టేజి తప్పుతుంది నిజమే, కానీ ఒక క్రమంలో తప్పుతుంది. ముందు కోణాల్లో ఎటు ఎంత జరిగిందో గీత గీసి తర్వాతి కోణంలో ఎంత జరుగుతుందో ఊహిస్తే, చాలా చోట్ల ట్రాకింగ్, ఫోకస్ ఇమేజీలు మానేయొచ్చు.

డోస్ సిమెట్రిక్ పద్ధతి 2017లో వచ్చింది: సున్నా, ప్లస్ 3, మైనస్ 3, మైనస్ 6, ప్లస్ 6, ఇలా. నమూనా తాజాగా ఉన్నప్పుడే తక్కువ కోణాల మంచి సమాచారం దక్కించుకోవడం దాని ఉద్దేశం. మూల్యం ఏమిటంటే స్టేజి అటూ ఇటూ ఊగుతుంది, ఊహించడానికి కావలసిన సాఫీ గీత రెండు ముక్కలవుతుంది. మంచి స్టేజి లేని పాత మైక్రోస్కోపులో ఇది పెట్టుకుని బాధపడటం కన్నా, మైనస్ 20 దగ్గర మొదలుపెట్టి ఒక వైపు పూర్తి చేసి రెండో వైపు వెళ్లే రెండు దిక్కుల పద్ధతే మేలు.

ఒకే టిల్ట్‌లో ఇమేజ్ షిఫ్టుతో పది ఇరవై టార్గెట్లు తీసే పేస్-టోమో అనే పైథాన్ స్క్రిప్టు ఇప్పుడు బాగా వాడుకలోకి వచ్చింది. అక్షం నుంచి 3 మైక్రాన్ల దూరంలో ఉన్న టార్గెట్ 60 డిగ్రీల దగ్గర 1.5 మైక్రాన్ల దూరంలో కనిపిస్తుంది, దాని ఫోకస్ 2.6 మైక్రాన్లు మారిపోతుంది. స్క్రిప్టు దీన్ని ముందే లెక్కగట్టి సర్దుతుంది. కాకపోతే గ్రిడ్ పొర మొదటే కొన్ని డిగ్రీలు వాలి ఉంటే ఆ వాలును కొలిచి చెప్పాలి. లామెల్లా, అంటే కణాన్ని చెక్కి మిగిల్చిన పల్చటి పలక మీద పనిచేసేవాళ్లు దీన్ని అస్సలు వదలకూడదు, అది ఎప్పుడూ వాలుగానే ఉంటుంది.

రాత్రి ఆగిపోయే కారణాల్లో మిగిలినవి గబగబా చెబుతాను. ఎనర్జీ ఫిల్టర్ చీలిక 20 ఎలక్ట్రాన్ వోల్టులు పెడితే, జీరో లాస్ పీక్ (శక్తి కోల్పోని ఎలక్ట్రాన్లు చేరే చోటు) గంటల్లో మెల్లగా జారి ఇమేజీ ఒక పక్క నుంచి నల్లబడుతుంది. అరగంటకో గంటకో ఒకసారి సరిదిద్దించండి. ద్రవ నైట్రోజన్ నింపుకునేటప్పుడు అదురు వస్తుంది, అది అయ్యేదాకా ఆగమని చెప్పాలి. ఇక డిస్కు. ఒక మూవీ, అంటే ఒక ఎక్స్‌పోజర్‌లోని ఫ్రేములన్నీ, కుదించాక 400 మెగాబైట్లు, గంటకు 250 అనుకుంటే రోజుకు 2.4 టెరాబైట్లు. కాపీ చేసే నెట్‌వర్కు కెమెరా వేగాన్ని అందుకోలేకపోతే తెల్లవారుజామున డిస్కు నిండి అంతా ఆగుతుంది. ఒక చిన్న స్క్రిప్టు పెట్టుకోండి: రికార్డు సగటు కౌంట్లు మామూలులో సగానికి పడితే ఆపి, ఈమెయిల్ పంపాలి. అంతా అయ్యాక కాలమ్ వాల్వులు మూయించే చెక్‌బాక్స్, గుర్తులన్నిటి దగ్గరా ఇమేజీలు తీయించే అక్వైర్ ఎట్ ఐటెమ్స్ డైలాగులోనే ఉంది, దానికి టిక్ పెట్టండి.

ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రశ్న: సార్, కొత్త గడిలో మొదటి ఒకటి రెండు గుంపులు ఎప్పుడూ మసగ్గా వస్తున్నాయి, తర్వాత బాగుంటున్నాయి. ఎందుకు?)

పెద్ద దూరం జరిగాక స్టేజి జారుడు తగ్గడానికి ఎక్కువ సేపు పడుతుంది. మీరు ఆగే సమయం సెకన్లలో పెట్టి ఉంటారు, ఇరవై సెకన్లనో ముప్ఫై అనో. అలా కాకుండా డ్రిఫ్ట్ వెయిట్ వాడండి. అది ఇమేజీలు తీసి జారుడు కొలుస్తూ, సెకనుకు 1 ఆంగ్‌స్ట్రామ్ కన్నా తగ్గాకే ముందుకు వెళ్తుంది. పక్క రంధ్రాలకు వెళ్లినప్పుడు అయిదు సెకన్లలో వదిలేస్తుంది, గడి మారినప్పుడు నిమిషం ఆగుతుంది. గరిష్ఠ పరిమితి కూడా పెట్టండి, లేకపోతే చిరిగిన గడిలో తెల్లవార్లూ ఎదురుచూస్తుంది.

(ప్రశ్న: మాకు మైక్రోస్కోపు లేదు. బెంగళూరు జాతీయ కేంద్రంలో స్లాట్ వచ్చేదాకా ఎలా నేర్చుకోవాలి?)

మామూలు విండోస్ కంప్యూటర్ మీద సీరియల్‌ఈఎంను డమ్మీగా తెరవొచ్చు. ప్రాపర్టీస్ ఫైల్లో మైక్రోస్కోపు లేదు, కెమెరా లేదు అని చెప్పే లైన్లు ఉంటాయి, అవి పెడితే చాలు. ఏ ల్యాబ్ నుంచైనా ఒక సెషన్ నావిగేటర్ ఫైలు, దాని మ్యాపు ఫైళ్లు, అదే మైక్రోస్కోపు క్యాలిబ్రేషన్ ఫైలు అడిగి తెచ్చుకోండి. ఆ క్యాలిబ్రేషన్ లేకపోతే మ్యాపుల మీది దూరాలన్నీ తప్పుతాయి. మ్యాపులు తెరిచి హోల్ ఫైండర్ నడపండి, హద్దులు మార్చి చూడండి, గుంపులు కట్టించండి, పాయింట్లు, పాలిగాన్లు గీయండి. సెషన్ నడుస్తున్నప్పుడు కూడా చాలామంది పక్కన ఇంకో డమ్మీ కాపీ తెరిచి, తర్వాతి గడుల్లో రంధ్రాలు ఎంచుతూ ఉంటారు. రీఎలైన్, ఫోకస్ మాత్రం డమ్మీలో నేర్చుకోలేరు. స్లాట్ మొదటి రెండు గంటలు వాటికే కేటాయించుకోండి.